తాడు కూతురి చేతిలో

ఆదివారం ఉదయం పదిన్నరకు, మూడంతస్తుల గోడ చివరిదాకా ఎక్కిన ఒక దర్జీ, దిగనని భీష్మించుకుంది. ఆమె నడుము పట్టీకి కట్టిన తాడు పైకప్పు కింది కప్పీ మీదుగా కిందికి వచ్చి, ఆమె పదిహేనేళ్ల కూతురి చేతిలో ఉంది.

ఆ హాల్లో పిల్లలకు గోడలెక్కడం నేర్పుతారు. శుక్రవారం వాళ్లు కొండ శిబిరానికి బయలుదేరాలి. ఇంట్లోవాళ్లు సరేననాలి. దర్జీ ససేమిరా అంది. కోచ్ వాదించలేదు. అక్కడో పద్ధతి ఉంది: వద్దన్నవాళ్లు ఒకసారి గోడెక్కాలి, తాడు వాళ్ల పిల్లలే పట్టుకోవాలి. పిల్లల వెనక అదే తాడు పట్టుకుని కోచ్ నిలబడతాడు.

దర్జీ ముందుగా పట్టీ కుట్లు లాగి చూసింది. మూడు వరసలు కుట్టారు, పర్లేదంది. సగం గోడ దాకా కూతురికి జాగ్రత్తలు చెబుతూనే ఎక్కింది. జుట్టు కళ్లలో పడుతోందని కూడా చెప్పింది.

చివరికి చేరాక చేతులు వదిలి వెనక్కి వాలితే, కిందివాళ్లు మెల్లగా దింపుతారు. ఆమె వదల్లేదు. బల్లిలా అతుక్కుపోయింది.

"వదిలెయ్యమ్మా, నేను పట్టుకున్నాగా."

"తాడు మీద నాకు నమ్మకముందే. నీ మీదే లేదు."

పక్క గోడ దగ్గర పిల్లలు నవ్వారు. కూతురు కోచ్ వైపు చూసింది. అతను వేలితో పైకి, తల్లి వైపు చూపించాడు.

కూతురు తాడు బిగించింది. పైన పట్టీ తల్లి నడుముకు బిగుసుకుంది.

"తెలిసిందా? అది నేనే. ముందు ఎడమ చెయ్యి వదులు. కుడిది నీ ఇష్టం. నాకేం తొందర లేదు, ఇంటికెళ్లి వంట చెయ్యాల్సింది నువ్వే."

కాసేపటికి ఎడమ చెయ్యి గోడను వదిలింది. ఆ తర్వాత కుడిది. తల్లి వాలగానే కూతురి మడమలు నేల మీంచి లేచాయి. కోచ్ తాడు పట్టు బిగించాడు కానీ లాగలేదు. కూతురు నిలదొక్కుకుని, తాడు కొంచెం కొంచెంగా వదిలింది.

సగం దిగాక దర్జీ ఆపమంది. కూతురు ఆపింది. ట్యూబులైట్ల మీద దుమ్ము తుడిచి ఎన్నాళ్లయిందని దర్జీ అక్కణ్నుంచే కోచ్‌ని అడిగింది. ఇక దించమంది.

కిందికి దిగాక గోడ మొదట్లో పరిచిన పరుపు మీద కూర్చుని, శిబిరంలో కూతురు ఎవరి తాడు పట్టుకోవాలని అడిగింది. వంతులవారీగా అందరిదీ అన్నాడు కోచ్.

"అయితే ముందు సన్నగా ఉన్నవాళ్లని ఇవ్వండి."

శుక్రవారం ఉదయం శిబిరానికి బస్సు బయలుదేరింది. దర్జీ కూతురు తల్లి తోడు లేకుండా ఒక్కతే నడిచి వచ్చి ఎక్కిందని డ్రైవరు చెప్పాడు.