పద్నాలుగు చుట్లు

పదకొండు, పన్నెండు, పదమూడు. పద్నాలుగో చుట్టు దగ్గర కడ్డీ బిగుసుకుంది. ఆయన రెండు చేతులూ అడ్డపిడి మీద ఆన్చి, ఒంటి బరువంతా మోపి దాన్ని కూడా తిప్పాడు. నేల కింద ఎక్కడో నీళ్ళు కదిలాయి.

ముప్పై ఏళ్ళుగా ఈ వీధికి నీళ్ళు వదులుతున్నది ఆయనే. గుంతలోని వాల్వు తిప్పడానికి ఛాతీ ఎత్తు ఇనుప కడ్డీ ఒకటి భుజాన వేసుకు తిరుగుతాడు. దాన్ని తాళం అంటాడు. మనిషి సన్నం, మెడ పొడుగు, అరచేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి అతికించినంత పెద్దవి. వీధిలో అందరికీ ఆయన నీళ్ళన్న. అసలు పేరు జీతం చీటీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు.

వీధి పోనుపోను ఎత్తుకు ఎక్కుతుంది. ఆఖరి ఇంటికి నీళ్ళు చేరాయో లేదో ఆయనకు తెలియాలి. చేరకపోతే పక్కవీధి వాల్వు కాస్త బిగించి ఇటు తోలాలి. ఒకప్పుడు ఇదేమంత కష్టం కాదు. ఆఖరింటి టీచరమ్మ బాల్కనీలోకి వచ్చి, "వచ్చాయయ్యా!" అని ఒక్క కేక పెట్టేది. ఆయన కింద నుంచి చెయ్యెత్తేవాడు. ఆ కేకకు ఇంకో ఇద్దరు ముగ్గురు బయటికొచ్చి ఆయన దగ్గు గురించో, కూతురి కుట్టుమిషన్ గురించో అడిగి వెళ్ళేవారు.

తర్వాత వీధికి ఒక గ్రూపు వచ్చింది. ఇప్పుడు టీచరమ్మ మంచం మీద కూర్చునే "వచ్చాయి" అని ఫోనులో పెడుతుంది. నలుగురు బొటనవేలు చూపిస్తారు. వీధంతటికీ తెలుస్తుంది, వాల్వు దగ్గరున్న మనిషికి తప్ప. గ్రూపు ఇళ్ళవాళ్ళకే మరి. కూతురు కొనిచ్చిన పెద్ద ఫోనును నెల తిరక్కుండానే తిరిగి ఇచ్చేశాడు. "నా వేలుని అది వేలనుకోవట్లేదమ్మా. ఎంత నొక్కినా ఉలకదు పలకదు," అన్నాడు.

అందుకని చెవి పెట్టడం మొదలుపెట్టాడు. గుంత గట్టు మీద కూర్చుని, పిడి కొసకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుంటే నీళ్ళు ఎక్కడిదాకా పోయాయో కడ్డీ చెప్పేస్తుంది. మలుపు దగ్గర గరగర. ఎత్తు దగ్గర రొప్పు. ఆఖరింటి తొట్టిలో పడగానే సన్నటి ఈల.

అలా వింటుండగా ఎవరో ఫోటో తీశారు. "మన నీళ్ళన్న డ్యూటీ చూడండి" అని గ్రూపులో పెట్టారు. అందరూ పడిపడి నవ్వారు. ఒకాయన దాన్ని నీళ్ళ ఆఫీసుకు కూడా పంపాడు. డ్యూటీలో నిద్రపోయినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మని మెమో వచ్చింది. రేపటితో గడువు సరి. ఇంకో నాలుగు నెలల్లో రిటైరయ్యే మనిషి, ఒక్క పూటైనా ఆలస్యంగా రానివాడు. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

పొద్దున కూతురు ఎవరిదో చొక్కాకు గుండీలు కుడుతూ, "వదిలెయ్ నాన్నా. నాలుగు రోజులు పోతే వాళ్ళే మర్చిపోతారు," అంది.

"మర్చిపోతారే. నిద్రపోయాననుకునే మర్చిపోతారు. కాదని తెలిశాక మర్చిపోతే నాకేం బాధ లేదు."

పొద్దుటి నీళ్ళు కట్టేశాక వీధి సంఘం సెక్రటరీ ఇంటికి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. సెక్రటరీ చెడ్డవాడేం కాదు. కుర్చీ చూపించాడు.

"నిద్ర కాదు సార్. నీళ్ళు వింటున్నా. ఆ ఒక్క ముక్క గ్రూపులో పెట్టండి. అది చూపించి ఆఫీసులో చెప్పుకుంటా."

"నీళ్ళు వినడమేంటయ్యా?"

"ఓసారి వచ్చి చెవి పెట్టండి సార్, మీకే తెలుస్తుంది."

"సరే సరే, సాయంత్రం పెడతాలే." సెక్రటరీ బొటనవేలు ఫోను మీద తిరుగుతూనే ఉంది.

ఆ మాటే పదివేలనుకున్నాడు నీళ్ళన్న. మెట్లు దిగుతుంటే ఎడమ చెయ్యి లాగింది. తాళం మోసే భుజం, లాగదా మరి, అనుకున్నాడు.

సాయంత్రం పద్నాలుగు చుట్లూ తిప్పేసరికి చొక్కా తడిసి ముద్దయింది. గట్టు మీద కూలబడ్డాడు. చెవి పెట్టాలా వద్దా అని అటూ ఇటూ చూశాడు. బాల్కనీలన్నీ ఖాళీ. వినకపోతే టీచరమ్మ తొట్టి నిండదు. పెట్టాడు. గరగర వినిపించింది. రొప్పు వినిపించింది. చాలాసేపటికి సన్నగా ఈల వచ్చింది. ఆయన మొహంలో చిన్న నవ్వు కదిలింది. కళ్ళు మాత్రం తెరవలేదు.

సెక్రటరీ కిటికీలోంచి చూశాడు. ఒళ్ళు మండింది. ఫోటో తీసి, "పొద్దున ఇంటికొచ్చి మరీ నిద్ర కాదన్నాడు. ఇదిగో, మళ్ళీ నీళ్ళు వింటున్నాడు" అని పెట్టాడు. నవ్వుల బొమ్మలు వరసకట్టాయి. టీచరమ్మ "వచ్చాయి" అని పెట్టింది. కాసేపటికి ఎవరో "మా తొట్టి నిండింది, కట్టమనండి" అన్నారు. ఇంకొకరు "పొర్లిపోతోంది" అన్నారు. ఆయన్ని లేపండి, లేపండి అని పదకొండు మంది రాశారు. ఒక్కరంటే ఒక్కరు మెట్లు దిగలేదు. ఏం మనుషులో!

చివరికి టీచరమ్మే మోకాళ్ళు పట్టుకుంటూ బయటికొచ్చింది. సగం వీధి దిగి, "వచ్చాయయ్యా! ఇక కట్టెయ్!" అని కేకేసింది. ఎన్నేళ్ళయిందో ఆ కేక వేసి. ఆయన చెయ్యెత్తలేదు. దగ్గరికి వెళ్ళి భుజం తట్టింది. తట్టి, ఆ తడి రోడ్డు మీదే కూర్చుండిపోయింది.

సెక్రటరీ ఫోటో తీసేశాడు. అప్పటికే అందరూ చూశారు. నవ్వుల కిందే దండం పెట్టే చేతులు వచ్చి చేరాయి. కూతురు, జాకెట్టు భుజానికి గుచ్చుకున్న దారం సూది అలాగే ఉండగా పరిగెత్తుకొచ్చింది. "నిద్రపోలేదండీ మా నాన్న," అని ఎదురుపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పింది. "అవునమ్మా, అవును," అన్నారు వాళ్ళు, తలలు వంచుకుని.

ఆయన్ని తీసుకెళ్ళారు. వాల్వు ఎటు తిప్పితే మూసుకుంటుందో ఎవరికీ తెలియలేదు. నీళ్ళు వీధి పొడుగునా పారుతూనే ఉన్నాయి. కడ్డీ గుంతలోనే నిలబడి ఉంది, ఒళ్ళంతా తుప్పుతో. పిడి కొసన, చెవి ఆనే చోట మాత్రం చొక్కా గుండీ అంత మేర నున్నగా అరిగి మెరుస్తోంది.