సున్నం కింది అద్దం

డెబ్బై నాలుగులో, పట్నంలోని చూలై పేటలో ఉన్న పాత పెళ్లి సత్రాన్ని పడగొట్టి, ఫ్యాన్లూ మేడా ఉన్న కొత్త హాలు కట్టాలని ధర్మకర్తలంతా ఒక్కమాట మీదకొచ్చారు. తీర్మానం మీద సంతకాలు పెట్టడమే తరువాయి. అడ్డం తిరిగింది ఒక్కరే: కార్యదర్శి వరదయ్య తల్లి వాసవాంబ, ఎనభై ఏళ్ల మనిషి.

"ఆ స్తంబాలు అద్దాలురా వరదా," అంటుంది రోజూ.

వరదయ్యకు బుద్ధి తెలిసినప్పటినుంచీ అవి పెచ్చులూడే మొద్దు స్తంభాలే. పెళ్లిళ్ల కాలం రాగానే వాటికి వెల్ల కొట్టించేదీ తనే. తల్లికి మతి తప్పుతోందని లోపల్లోపల దిగులు పడ్డాడు.

ఆమె పోరు పడలేక, సంతకాల రోజు పొద్దున్నే పాత సున్నప్పని తెలిసిన మేస్త్రీ మోసెస్‌ను పిలిపించాడు. మోసెస్ ఒక స్తంభానికి తడిగోనె చుట్టి నానబెట్టి, వెదురుబద్దతో పొరపొరగా గీకాడు. యాభై ఏళ్ల వెల్ల కుప్పగా రాలింది. తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిచి పక్కకు జరిగాడు.

వరదయ్య దగ్గరికొచ్చి తొంగి చూశాడు. తెల్లని స్తంభంలో కిటికీ, కిటికీలో వేపకొమ్మ, దాని ముందు నుదుటి బొట్టుతో సహా తానే నిలబడి ఉన్నాడు. ఇంత అందాన్ని ఏటేటా కూలి ఇచ్చి మరీ కప్పెట్టించానే అని సిగ్గుతో చచ్చిపోయాడు. ఇక దీన్ని పడగొట్టనివ్వకూడదు. అప్పుడే వచ్చిన అధ్యక్షుడు నాగలింగం కూడా గుళ్లోకొచ్చినట్టు చేతులు కట్టుకున్నాడు. తర్వాత మెల్లగా స్తంభాన్ని నిమిరాడు.

"ఎట్లా చేసినారయ్యా దీన్ని?"

మోసెస్ పొంగిపోయాడు. "ఆల్చిప్పలు కాల్చిన సున్నం, పెరుగు, బెల్లం నీళ్లు. పై పూతకి కోడిగుడ్ల తెల్లసొన సామీ. ఈ పన్నెండు స్తంబాలకీ గుడ్లు వేలల్లో పడుంటాయి."

ఉల్లిపాయను కూడా గడప దాటనివ్వని నాగలింగం చటుక్కున చెయ్యి తీసి పంచెకు తుడుచుకున్నాడు. "ఈడనా మనం ఇన్నాళ్లూ వ్రతాలు చేసింది? ఇంకేముంది, తెండి కాగితం."

వరదయ్యను ఆదుకుంటాడనుకున్న అధ్యక్షుడే కొంప ముంచాడు.

గోడవార కూర్చుని అంతా వింటున్న వాసవాంబ కర్ర ఊతంతో లేచింది. "నాగలింగం, నువ్వు తాళి కట్టింది యాడ?"

"ఈడనే పిన్నమ్మా."

"మీ నాయన?"

"ఆయనా ఈడనే."

"అయితే రెండు పెండ్లిండ్లూ చెల్లవని కాగితంలో రాసి, మొదటి సంతకం నువ్వే పెట్టు."

నాగలింగం తుడుచుకున్న చేతినే మళ్లీ స్తంభం మీద పెట్టాడు. మోసెస్ వైపు తిరిగి, "మిగతా పదకొండూ గీకేదానికి ఎన్నాళ్లు పడుతుంది?" అన్నాడు.

వాసవాంబ పోయి స్తంభానికి అరచెయ్యి ఆనించింది. "మా పెండ్లిలో తెర తియ్యకముందే మీ నాయన్ని చూసేసినా వరదా, దీంట్లో. ఎవురికీ చెప్పలేదు," అంది.

పడిపోతుందేమోనని వరదయ్య వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. ముప్పై ఏళ్ల కిందట పోయిన తండ్రి పోలికలే అతనివి. వాసవాంబ స్తంభంలో తన వెనకున్న ఆ మొహాన్ని చూసింది. కొంగు భుజం మీదికి లాక్కుని, తల వంచుకుంది.