ఈ డ్రైవ్‌ను ఎవరో వాడుతున్నారు

"పొయ్యి మీద ఏం పెడతావో పెట్టేసి వచ్చి, ఆ పెద్ద డ్రైవ్ ఫార్మాట్ కొట్టెయ్. రేపటికి ఖాళీగా ఉండాలి," అని చెప్పి భర్త కెమెరా లెన్సు తుడుచుకోవడానికి ముందుగదిలోకి వెళ్లాడు.

రేపు బావగారి పెళ్లి. రెండో పెళ్లి. ఆ వీడియో పెట్టుకోవడానికి చోటు కావాలి. చోటు కోసం చెరపాల్సింది మొదటి భార్య పనిచేసిన డ్రైవ్‌ని. ఇందులో తేడా ఏదో ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తోచినట్టు లేదు. చిన్నకోడలికి మాత్రం చేతిలో గరిటె బరువెక్కింది.

ఆ ఇంటి ముందుగదే స్టూడియో. బోర్డు మీద అన్నదమ్ములిద్దరి బొమ్మలు. లోపల మధ్యగదిలో ఎడిటింగ్ అంతా పెద్దకోడలిదే, షూటింగూ సగం ఆమెదే. "మా ఆవిడ ఊరికే కూర్చోలేక కాస్త సాయం చేస్తుంటుందండీ," అనేవాడు బావగారు కస్టమర్లతో. ఒళ్లు కాలిపోయే జ్వరంతో కూడా ఆమె ఆ కుర్చీలోనే ఉంది. "ఈ ఒక్కటీ ఇచ్చేసి ఆసుపత్రికి పోదాంలే," అన్నాడు. ఇచ్చేశారు. వెళ్లారు. ఆమె తిరిగి రాలేదు. కన్నీళ్లు ఆరకముందే అత్తగారు మౌస్ తెచ్చి చిన్నకోడలి చేతిలో పెట్టింది. "ఇక నువ్వే చూసుకోవాలమ్మా. మగాళ్లకి తీరికెక్కడిది?"

కుర్చీ దిండులో గుంట, తను అక్కా అని పిలిచిన ఆ తోడికోడలిదే. కీబోర్డు మీద అక్షరాలు అరగదీసిన వేళ్లూ అక్కవే. ఆ గుంటలో కూర్చోవడానికి మొదట్లో భయమేసేది. తర్వాత్తర్వాత, అందులో తను సరిగ్గా ఇమిడిపోయినందుకు భయమేసింది.

ఫార్మాట్ నొక్కింది. కుదరదంది కంప్యూటర్. డ్రైవ్ వాడుకలో ఉందట. తెరిచినవన్నీ మూసేసి మళ్లీ నొక్కింది. మళ్లీ అదే మాట. గదిలో తను తప్ప ఎవరూ లేరు.

"ఇంకా అవలేదా?" ముందుగదిలోంచి భర్త.

"అవుతోంది. దీన్నెవరో వాడుతున్నారంటోంది."

"ఎవరు వాడతారు, దెయ్యమా? బటన్ నొక్కడానికి కూడా నీకు ఇంకో మనిషి కావాలి."

నడుస్తున్న ప్రోగ్రాముల చిట్టా తీసింది. దొరికింది. అక్క వాడిన పాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరమీద కనపడకుండా వెనకాల నడుస్తోంది. కంప్యూటర్ వెయ్యగానే చివరి ప్రాజెక్టు దానంతటదే తెరుచుకునేలా అక్క పెట్టుకుంది. ఆమె పోయాక ఎవరూ దాన్ని మార్చలేదు. రోజూ పొద్దున్నే అది తెరుచుకుని, ఆమె కోసం ఎదురుచూస్తూనే ఉంది.

దాన్ని ముందుకు తెచ్చి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ప్లే నొక్కింది. ఎవరో పెళ్లికూతురు. బిగుసుకుపోయి నిలబడి ఉంది. కెమెరా వెనక నుంచి అక్క గొంతు: "కాస్త ఇటు చూడమ్మా. భయపడకు, బాగున్నావు."

"ఇంకా అవలేదా?"

ఉలిక్కిపడి గుమ్మం వైపు తిరిగింది. అక్కడెవరూ లేరు. మాట హెడ్‌ఫోన్స్‌లోంచి వచ్చింది. బావగారిది.

"అవుతోంది," అంది అక్క. ఇందాక తను అన్నట్టే. అదే నెమ్మది, తప్పు తనదే అన్నట్టు అదే తగ్గింపు.

మొన్న అక్క కూతురు జడ వేయించుకుంటూ అడిగింది, "అమ్మ గొంతు ఎలా ఉండేది పిన్నీ? నాకు గుర్తురావట్లేదు," అని. వీడియోల మీద బతికే ఇంట్లో ఆ తల్లి ఒక్క వీడియోలో లేదు. ఎప్పుడూ కెమెరా వెనకే. ఆమె గొంతు పడ్డ ముక్కల్ని కస్టమర్‌కి ఇచ్చేముందు ఆమే కత్తిరించేసేది. ఆ ముక్కలన్నీ ఉన్నది ఈ ఒక్క డ్రైవ్‌లో.

భర్త వచ్చి వీపు వెనక నిలబడ్డాడు. "అదేంటి, సినిమా చూస్తున్నావా? అది మూసి, నల్ల తెరలో కమాండ్ కొట్టు. మొండికేసినవి దాంతోనే దారికొస్తాయి."

మూసింది. కమాండ్ కొట్టింది. డ్రైవ్‌కి ఇప్పుడున్న పేరు టైప్ చెయ్యమంది నల్ల తెర. ఎవరి సొత్తు చెరుపుతున్నావో తెలిసే చెరుపుతున్నావా అని అడిగినట్టు.

"స్టూడియో పేరు కొట్టు," అన్నాడు. తప్పంది. "మా అన్నయ్య పేరు?" అదీ తప్పే. "పెద్ద డ్రైవ్ అనే కదా అంటాం దాన్ని. ఇంకేం పేరుంటుంది?"

పేరేమిటో చెప్పమని ఇంకో కమాండ్ కొట్టింది. ఇన్నేళ్లూ తెరమీదే ఉన్నా ఎవరూ చదవని రెండు మాటలు, ఇంగ్లీషు అక్షరాల్లో.

నా పని.

ఇంట్లో అందరూ సాయం అన్నదానికి అక్క పెట్టుకున్న పేరు.

మళ్లీ ఫార్మాట్. మళ్లీ పేరడిగింది. అరిగిన అక్షరాల మీద ఒక్కో వేలూ పెడుతూ ఆ రెండు మాటలూ కొట్టింది. ఈసారి ఒప్పుకుంది. ఇందులో ఉన్నదంతా పోతుంది, కొనసాగించాలా, అవునంటే వై, వద్దంటే ఎన్ కొట్టమంది.

"వై కొట్టు, చూస్తావేం," అన్నాడు. "పేరు మాత్రం ఘనంగానే పెట్టింది మా వదిన."

ఆమె ఎన్ కొట్టింది. కేబుల్ తీసి డ్రైవ్‌ని చేతిలోకి తీసుకుంది. ఇంకా వెచ్చగా ఉంది.

"ఎక్కడికి తీసుకుపోతున్నావ్ దాన్ని?"

"పిల్ల బడి నుంచి వచ్చే వేళైంది. వాళ్లమ్మ గొంతు వినిపిస్తాను."

"మరి రేపటి పెళ్లికి?"

"కొత్త డ్రైవ్ కొనుక్కోండి," అంది, గుమ్మం దాటుతూ. "దాని ముందు కూర్చోవడానికి జీతమిచ్చి ఒక మనిషిని కూడా పెట్టుకోండి."