బూడిద నేల

శుక్రవారం మలామా ఆరో తరగతికి కరెంటు పాఠం చెప్పింది. బొగ్గు మండితే నీళ్ళు ఆవిరవుతాయి, ఆవిరి చక్రాన్ని తిప్పుతుంది. ఆనకట్ట దగ్గర ఆ పని నీళ్ళు చేస్తాయి, కొండ మీద గాలి చేస్తుంది. ఏది తిప్పినా, రాగితీగల చుట్ట దగ్గర అయస్కాంతం తిరిగితేనే కరెంటు పుడుతుంది. కిటికీలోంచి పాత గని మీద పరిచిన సౌరఫలకాలు చూపించి, అక్కడ ఏం తిరుగుతుంది టీచర్ అని అడిగింది ఒక పిల్ల. ఏమీ తిరగదు, వెలుగు పడితే చాలు అంది మలామా. ఆ మాట అన్నాక గంట కొట్టేదాకా బోర్డు తుడుస్తూ నిలబడింది.

గని పక్కనున్న కరెంటు ప్లాంటు మూతపడి కొన్నేళ్ళయింది. ఆమె భర్త స్టెర్యోస్ అందులో కొలిమి దగ్గర పనిచేశాడు. అది మూతపడిన ఏడాదే పోయాడు. శనివారం అతని ఎముకలు తీయాలి.

వాళ్ళుండే కొజానీ వైపు పల్లెల్లో మనిషిని మట్టిలో కొన్నేళ్ళే ఉంచుతారు. తర్వాత తవ్వి, ఎముకలను వైనుతో కడిగి, పెట్టెలో సర్ది, గుడి పక్క గదిలో పెడతారు. ఎముకలు తేనెమైనంలా పచ్చగా వస్తే పోయినవాడు చల్లగా ఉన్నట్టు. నల్లగా వస్తే పాపం వదల్లేదని లెక్క, కానీ ఎవరూ పైకి అనరు. మళ్ళీ పూడ్చేసి, ఇంకొన్నేళ్ళు ప్రార్థనలు చేయిస్తారు. స్టెర్యోస్ మళ్ళీ మట్టిలోకి పోకూడదు. మలామా కోరుకున్నది అదొక్కటే.

తవ్వింది మరిది థోమాస్. గనిలో పెద్ద యంత్రం నడిపినవాడు.

"అన్నయ్య బతికినన్నాళ్ళూ ఆయన కొలిమి కోసం తవ్వాను వదినా. ఇప్పుడూ వదల్లేదు నన్ను," అన్నాడు. ఒకరిద్దరు ఆడవాళ్ళు నవ్వారు. పార తగిలి టక్కుమన్నాక ఎవరూ నవ్వలేదు.

పుర్రెను తెల్లగుడ్డలో పట్టి తల్లికి అందించాడు. సుల్తానాకు ఎనభై దాటాయి. చూసింది. నల్లగా ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు శిలువ గీసుకుని తలలు దించుకున్నారు. ఫాదరు, తొందరపడవద్దు, తిరిగి పూడ్చి మూడేళ్ళు చూద్దామని నెమ్మదిగా చెప్పాడు.

ఈ శ్మశానం కొత్తది. గని పాత ఊరిని మింగినప్పుడు, పూడ్చిన గోతుల మీద ఊరిని మళ్ళీ కట్టారు. ఆ గోతులను నింపింది ప్లాంటు బూడిదతోనే. అది అందరికీ తెలుసు. సమాధి దగ్గర నిలబడ్డప్పుడు మలామాకు తప్ప ఎవరికీ గుర్తు రాలేదు.

"పాపం కాదత్తమ్మా, బూడిద," అంది మలామా. "ఆయన కాల్చిన బొగ్గుదే."

"బళ్ళో చెప్పుకో ఆ మాటలు," అంది సుల్తానా. "ఏడవడం రానిదానికి మాటలు మాత్రం బాగా వస్తాయి."

మలామాకు కోపం రాలేదు. ఏమీ రాలేదు. అత్తగారి చేతుల్లోంచి పుర్రె తీసుకుని, పళ్ళెంలో పెట్టి వైను పోసింది. వేళ్ళతో రుద్దింది. రంగు కొంచెం కూడా వదల్లేదు. మళ్ళీ పోసింది. పళ్ళెంలో వైను బూడిద మన్నుతో బురదలా మారింది. థోమాస్ గోతిలోనే నిలబడి, మన్ను వెనక్కి తోయాలా వద్దా అన్నట్టు పార పట్టుకుని చూస్తున్నాడు.

తడిసిన బూడిద వాసన లేచింది. సుల్తానా ముందుకు వంగింది. పుర్రెను రెండు చేతులా ఎత్తి ముఖం దగ్గరికి తెచ్చుకుని వాసన చూసింది.

"వీడి డ్యూటీ చొక్కాలు," అంది. "పెళ్ళయ్యేదాకా నేనే ఉతికాను. నానబెడితే తొట్టెలో ఇదే వాసన."

ఫాదరు ఏదో అనబోయాడు. ఆమె వినిపించుకోలేదు. పుర్రెను పెట్టెలో, తెల్లగుడ్డ మీద తనే పెట్టింది. తర్వాత గోతి వైపు చేయి చాపి, థోమాస్ అందించిన ఎముకను మలామా చేతిలో పెట్టింది.

"కడుగు," అంది.

మలామా కడిగింది.