మల్లేశ్వరి అడిగిన పతకం

లెఫ్టినెంట్ జనరల్ యలమందయ్య రిటైరయ్యాక తొలిసారి ఊరికి వస్తున్నాడంటే వినుకొండ దాకా ఫ్లెక్సీలు కట్టారు. కోటప్పకొండకు మొక్కుకుని కన్నతల్లి పెట్టిన పేరది. ఢిల్లీలో పెద్దపెద్ద వాళ్లకు నోరు తిరక్కపోయినా ఆయన ఆ పేరును కుదించుకోలేదు. ఊరంతా అది చెప్పుకుని మురిసిపోయేది, ఒక్క మల్లేశ్వరి తప్ప.

మల్లేశ్వరికి ఆయన మీద కోపమేం లేదు. ఉన్నదల్లా భయం. కూతురు శ్రీరమ్య ఇంటర్ చదువుతూనే ఎన్‌డీఏ పరీక్ష రాసింది. ఇంటర్వ్యూ నెగ్గింది, మెడికల్ దాటింది. పుణె దగ్గర అకాడమీలో చేరి ఆర్మీ ఆఫీసరు కావడానికి ఇక ఇంట్లోవాళ్ల సంతకమే మిగిలింది. "మీ అమ్మ ఊ అంటే నేనూ ఊ అంటా" అని తండ్రి కోటేష్ తప్పుకున్నాడు. మల్లేశ్వరి ఊ అనలేదు. ఒక్కగానొక్క పిల్ల. టీవీలో జెండా కప్పిన పెట్టె కనపడితే చాలు, చానల్ మార్చేసే మనిషి ఆమె.

సన్మానానికి ఊరి చివర మిరప కల్లాల పక్కన షామియానా వేశారు. మార్చి నెల. ఎటు చూసినా ఎండబోసిన కాయలే. ఆ ఘాటుకు మైకు పట్టుకున్న ప్రతివాడూ తుమ్మాడు. జనరల్ నీలం కోటు తొడుక్కొచ్చాడు. ఎడమ రొమ్ము మీద పతకాలు వరుసకట్టి, అడుగు వేస్తే గలగలమంటున్నాయి.

సర్పంచ్ బాలస్వామి గొంతు సవరించుకున్నాడు. "మన యలమందయ్యగారు సియాచిన్ మంచులో చేశారు, కార్గిల్లో చేశారు, కాశ్మీర్లో చేశారు. ఈశాన్యంలో వేలాదిమంది జవాన్లున్న ఒక కోర్‌కి కోరే ఈయన చేతికిందుండేది! సేనా మెడల్, అతి విశిష్ట సేవా పతకం, పరమ విశిష్ట సేవా పతకం. రాష్ట్రపతిగారి చేత్తో గుచ్చించుకున్న రొమ్మండీ ఇది!"

చప్పట్లు మోగాయి. శ్రీరమ్య అందరికంటే గట్టిగా కొట్టింది. మల్లేశ్వరి కూతురి మొహం చూసి తల తిప్పుకుంది.

దండలయ్యాయి, టీలు పోస్తున్నారు. మల్లేశ్వరి కొంగు బిగించి నేరుగా జనరల్ కుర్చీ దగ్గరకు వెళ్లింది.

"బాబాయ్ గారూ, నేను కోటేష్ భార్యని. మా అమ్మాయి మిమ్మల్ని చూసే మిలటరీ అంటోంది. వద్దని మీరొక్క మాట చెప్పండి. మీ మాటైతే వింటది."

ఆయన పక్క కుర్చీ లాగాడు. "కూర్చోమ్మా."

ఆమె కూర్చుంది. పతకాల వంక చూసింది. "వీటిల్లో దెబ్బ తగిలితే ఇచ్చింది ఏది?"

సన్మానానికి వచ్చినవాళ్లెవరూ ఆ ప్రశ్న అడగలేదు. జనరల్ మీసం కింద చిన్న కదలిక. ఒక పతకాన్ని వేలితో తాకాడు. "ఇది. కుప్వారాలో తొడలోంచి తూటా దూరిపోయింది. లేచి నడిచిందాకా మా అమ్మకు చెప్పనివ్వలేదు. తెలిశాక ఆమె నాతో చాలాకాలం మాట్లాడలేదు."

"మరి ఇది?"

"సేనా మెడల్. సియాచిన్లో కెప్టెన్‌గా ఉన్నప్పుడు. మంచు తుపానులో పోస్టు కూలిపోతుంటే నా మనుషులందర్నీ కిందికి దింపుకొచ్చా. ఒక్క తూటా కూడా పేల్చలేదు."

"ఆ రోజు తెచ్చారు సరే. తేలేని రోజులు?"

ఆయన పతకం మీంచి చెయ్యి తీశాడు. "ఉన్నాయమ్మా. వాటికి పతకాలుండవు. వాళ్ల పేర్లు మాత్రం నాకు నోటికొచ్చు."

మల్లేశ్వరి కళ్లు చెమర్చాయి. ఆయన అబద్ధం చెప్పి ఉంటే పోట్లాడేది. నిజం చెప్పిన మనిషితో ఏం పోట్లాడుతుంది?

"నేను పొమ్మనీ అనను, వద్దనీ అనను" అన్నాడాయన. "పిల్లని నువ్వే చూసుకుని..."

మాట పూర్తికాలేదు. షామియానా ఒక్కసారిగా బుస్సున పైకి లేచింది. కొండవైపు నుంచి నల్లటి మబ్బు తోసుకొచ్చింది. "వానరోయ్! కాయలు!" అని ఎవరో కేకేశారు. జనం ఎవరి కల్లం వైపు వాళ్లు, అడ్డదిడ్డంగా పరిగెత్తారు. ఒకడు టార్పాలిన్ పట్టా లాగితే ఇంకొకడు దాన్నే ఇటు లాగుతున్నాడు.

అప్పుడు వినపడింది శ్రీరమ్య గొంతు.

"నాన్నా, ఆగండి! మన కల్లం మెరక. పక్కనున్న షహనాజ్ పిన్నిది పల్లం, నీళ్లన్నీ అక్కడికే వస్తాయి. అయూబ్ బాబాయి గుంటూరు మిర్చి యార్డుకు పోయాడు, పిన్ని ఒక్కతే ఉంది. ముందు అక్కడికి!"

"ఏందే నువ్వు? మన కాయలు తడుస్తుంటే!" మల్లేశ్వరి అరిచింది. ఆ పిల్ల వినిపించుకోలేదు. "మీరంతా కాయలు నడిమికి తోయండి. మీరు నలుగురూ పట్టా ఎత్తండి. సర్పంచ్ గారూ, ఆ గట్టు తెగ్గొట్టించండి, నీళ్లు కాలవలోకి పోతాయి. సార్, మీరు ఈ కొస తొక్కి పట్టండి, గాలికి లేస్తోంది!"

జనరల్ యలమందయ్య ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లి ఆ కొస మీద నిలబడ్డాడు. వాన ఆయన పతకాల మీద దడదడ కొట్టింది. ఆయన కదల్లేదు. ఊళ్లో మొండిఘటాలన్న పేరున్నవాళ్లు కూడా ఆ పిల్ల చెప్పినచోటికి పరుగెత్తడం మల్లేశ్వరి చూసింది. తిట్టుకుంటూనే తనూ పట్టా అంచు పట్టుకుంది. షహనాజ్ కాయలు కప్పాక అందరూ కలిసి మిగతా కల్లాల మీద పడ్డారు.

వాన వచ్చినంత వేగంగానే పోయింది. మల్లేశ్వరి కల్లంలో ఒక పక్క కాయలు తడిశాయి.

"చూడు, రంగు పోయి ఇవిక తాలు కాయలే!" అంది కోపంగా.

"ఆ పక్కవరకే అమ్మా. పిన్నివైతే మొత్తం కొట్టుకుపోయేవి."

షహనాజ్ వచ్చి శ్రీరమ్య తల నిమిరింది. తర్వాత మల్లేశ్వరిని కావలించుకుంది. మల్లేశ్వరి తిట్లు మానేసి తడిసిన కాయలు వేరు చేయసాగింది.

జనరల్ మోకాళ్ల దాకా బురదతో వచ్చాడు.

"మీరే చెప్పించారా దానిచేత ఇదంతా?" అనుమానంగా అడిగింది.

"నేను నోరు తెరవలేదమ్మా. అదే నాకు చెప్పింది" అన్నాడాయన నవ్వుతూ. "ఎవర్ని ముందు కాపాడాలో తేల్చుకోవడం నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది."

ఆ మాట ఇంటికి వచ్చాక కూడా మల్లేశ్వరిని వదల్లేదు. భయం పోలేదు. కానీ వానలో నిలబడి చెయ్యి చాపి దారి చూపిస్తున్న కూతురు కళ్లముందు నుంచి కదలడం లేదు. ఆ పిల్లను ఇంట్లో కట్టిపడేస్తే ఎన్నాళ్లుంటుంది, ఎలా ఉంటుంది?

పొద్దున్నే జనరల్ ప్రయాణమవుతుంటే మల్లేశ్వరి కూతుర్ని వెంటబెట్టుకుని కారు దగ్గరకు వచ్చింది. "సంతకం పెట్టా బాబాయ్ గారూ. నా గుండె దడ తగ్గి మాత్రం కాదు."

"తగ్గదమ్మా. మా అమ్మకూ తగ్గలేదు."

శ్రీరమ్య తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. మల్లేశ్వరి ముక్కు తుడుచుకుని, "అక్కడ చలికి స్వెట్టర్లు వాళ్లే ఇస్తారా, మనం కొనాలా?" అనడిగింది.

"అన్నీ వాళ్లే ఇస్తారు" అన్నాడు జనరల్. "ఒక్క పచ్చడి తప్ప."

కారు మలుపు తిరిగిందో లేదో, పచ్చడికి చివరి కోత పండుమిరపకాయలు ఇంకా చేలో ఎన్ని మిగిలాయో చూసిరమ్మని ఆమె కోటేష్‌ను తరిమింది.