గోడ మీది రామరామలు

తెల్లవారుజామున వెనక వసారాలో బల్బు ఆర్పే ముందు శాంతాదేవి గోడను పై నుంచి కింది దాకా మరోసారి చూసింది. రాత్రి వానకు గోడ సగం దాకా చెమ్మగిల్లింది. బల్బు పక్కన ఒక బల్లి, కడుపు నిండి కదల్లేనట్టు, తోక వంచుకుని అతుక్కుని ఉంది. నందివర్ధనం కొమ్మలు వంచి చూసింది. నిమ్మచెట్టు ఆకుల అడుగున, బట్టలారేసే తీగ కింద వెతికింది. ఎక్కడా ఒక్క దీపపు పురుగు లేదు.

"సెప్పవేటి?" అన్నాడు తాతబాబు.

ఆయన ఆమె వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గళ్ళ సారోంగు లుంగీ, పాత బనీను, మోకాళ్ళ మీద రెండు అరచేతులు. షుగరు ఆయన కళ్ళను మెల్లగా తినేసింది. మొదట అక్షరాలు పోయాయి, తరువాత ముఖాలు. ఇప్పుడు వెలుగేదో చీకటేదో తెలుస్తుంది, అంతే. అయినా రోజూ ఈ వేళకు గోడవైపే ముఖం తిప్పి కూర్చుంటాడు.

"ఉండు బావా, సూడనీ" అంది శాంతాదేవి, చూడటానికి ఏమీ లేకపోయినా.

ఇద్దరూ మలాయ్ దేశంలో ఒకే పామాయిల్ ఎస్టేటులో పుట్టినవాళ్ళు. కుర్రతనంలో తాతబాబు పామాయిల్ చెట్లకు గొంగళిపురుగుల మందు కొట్టేవాడు. వీపున పంపు, ముక్కుకు తువ్వాలు. సాయంత్రం చెట్ల కింద రాలిపడ్డ పురుగులను చెప్పుతో పక్కకు తోస్తూ ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో దీపం చుట్టూ తిరిగే పెద్ద రెక్కల పురుగును మాత్రం ఆయన తల్లి కూర్మమ్మ ఎవరినీ కొట్టనిచ్చేది కాదు. మలాయ్ వాళ్ళు దాన్ని రామరామ అంటారు. "దేవుడి పేరెట్టినారు గదరా దానికి, ముట్టకండి" అనేది. పగలంతా మందు కొట్టి వచ్చిన కొడుకు ఆ మాటకు నవ్వి అన్నానికి కూర్చునేవాడు.

ఎస్టేటు అమ్ముడుపోయింది. జనం చెదిరిపోయారు. వీళ్ళు బంటింగ్ ఊళ్ళో ఒకదానికొకటి ఆనుకున్న చిన్న ఇళ్ళ వరసలో ఒకటి తీసుకున్నారు. ఆయన ఫ్యాక్టరీలో రాత్రి పనికి, ఆమె డోబీ కొట్టులో ఇస్త్రీకి కుదిరారు. ఆయన వచ్చేసరికి ఆమె బయలుదేరేది, ఆమె వచ్చేసరికి ఆయన బయలుదేరేవాడు. గుమ్మంలో ఎదురుపడి, "కూరుంది", "గ్యాసు అయిపోనాది", "పాపకి జ్వరం" అనుకోవడంతోనే వాళ్ళ కాపురంలో చాలా ఏళ్ళు గడిచిపోయాయి.

తాతబాబు పని మానేసి, పొద్దుపోక వసారాలో కూర్చునే రోజుల్లో నందివర్ధనం మీద బొటనవేలంత ఆకుపచ్చ పురుగు కనబడింది. పాత అలవాటు కొద్దీ చేయి పైకెత్తినవాడు ఎందుకో దించేశాడు. రోజూ దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అది ఆకులు తింది, లావెక్కింది, మట్టిలోకి దిగింది. కొన్నాళ్ళకు ఆ చెట్టు మీదే ఒక దీపపు పురుగు వాలి ఉంది. పచ్చ రెక్కల మీద గులాబీ చారలు. దాని పేరేమిటని ఆయన వీధంతా అడిగాడు. చివరికి ఎదురింటి టీచరు విమలన్ చెప్పాడు. ఎవరి పెరట్లో ఏ దీపపు పురుగు వాలిందో ఫోటో తీసి పంపుకునే గుంపు ఒకటి ఆయన ఫోనులో ఉంది. తాతబాబు అందులో చేరాడు. బొమ్మల పుస్తకం కొన్నాడు. ఆ దీపావళికి ఇల్లంతా వదిలేసి, రాత్రి బల్బుకు వచ్చే పురుగులు బాగా కనబడాలని ఈ ఒక్క గోడకు తెల్లరంగు వేశాడు.

కళ్ళు పోయాక గోడ చూసి చెప్పే పని శాంతాదేవి మీద పడింది. మొదట్లో విసుక్కుంది. ఏం చెప్పాలో తెలిసేది కాదు. "గోధుమరంగు పురుగు" అంటే ఆయన ఊరుకునేవాడు కాదు. ఏ గోధుమరంగు, రెక్కలు పరిచి ఉందా మూసి ఉందా, అంచు నున్నగా ఉందా కొరికినట్టుందా అని అడిగేవాడు. రానురాను ఆమెకు మాటలు దొరికాయి. "దోసె మీద మిరియాలపొడి జల్లినట్టున్నాది." "ఇస్త్రీ పెట్టి మాడ్చేసిన చొక్కా కాలరులాగున్నాది." ఆయన కాసేపు ఆలోచించి పేరు చెప్పేవాడు. తరువాతే ఆమె ఫోటో తీసి విమలన్‌కు పంపేది. "ఫోటో తర్వాత. ముందు నువ్వు సెప్పు" అనేవాడు ఎప్పుడూ. అంతకాలం గుమ్మంలో రెండు మాటలతో సరిపెట్టుకున్న ఇద్దరూ ఇప్పుడు ఒక పురుగు మీద టీ చల్లారిపోయేదాకా మాట్లాడుకునేవాళ్ళు.

కార్తీకం వానలు మొదలయ్యాక పురుగులు తగ్గాయి. మొదటిసారి గోడ ఖాళీగా ఉన్న రోజున ఆమె ఉన్నమాటే చెప్పింది. ఆయన "సరి" అని లోపలికి వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు, మధ్యాహ్నం దాకా లేవలేదు. ఆ తరువాత గోడ ఖాళీగా ఉన్న రోజున శాంతాదేవి, ఎప్పుడో చూసినదాన్ని గుర్తుచేసుకుని, ఇప్పుడే చూస్తున్నట్టు చెప్పింది. ఆయన ముఖం విప్పారింది. అలా అలవాటైపోయింది.

ఈ రోజు చెప్పడానికి పాతవి కూడా తోచలేదు. పుస్తకం అట్ట మీది బొమ్మ గుర్తొచ్చింది.

"పెద్దది బావా" అంది. "లేత అరిటాకు రంగు. కింద రెండు తోకలు, రిబ్బన్లలాగ. రెక్కకో సందమామ."

విమానాశ్రయం వైపు దిగుతున్న విమానం ఇళ్ళ మీదుగా మోత పెట్టుకుంటూ వెళ్ళింది. ఆ మోత పూర్తిగా తగ్గేదాకా తాతబాబు ఆగాడు.

"అది కొండల మీద సల్లదనంలో ఉంటాది, శాంతా. బంటింగ్‌కి ఏటి పనుండి వచ్చినాదో మరి."

"వచ్చినాది మరి. నానేటి సేసేది?"

"ఫోను టక్‌మన్నేదు గదా. ఫోటో తీస్తే టక్‌మంటాది. మొన్నా అన్నేదు, అటుమొన్నా అన్నేదు." ఆయన నవ్వుతున్నాడు. "కళ్ళు పోనాయి గాని సెవులున్నాయి."

శాంతాదేవి చెవులు వేడెక్కాయి. "తెలిసీ ఊరుకున్నావా ఇన్నాళ్ళూ? నన్ను పిచ్చిదాన్ని సేసి కూకోబెట్టినావు!"

"పిచ్చేటి ఇందులో? నువ్వు సెప్తే బాగుంటాది, ఇన్నాను. ఈ రోజు ఏటీ రానేదని విమలన్‌కి సెప్పు. రానేదన్నది కూడా నిజమే గదా."

ఆమె ఆయనకు షుగరు సూది వేసింది, టీ ఇచ్చింది, అన్నం గిన్నె మీద మూత పెట్టి ఎక్కడుందో ఆయన చేతికి తాకించింది. రోజూ వెళ్ళేముందు భుజం మీద చెయ్యేసి "ఎల్లొస్తాను" అంటుంది. ఆ మాట ఈ రోజు గుమ్మం దగ్గరినుంచే అని, హెల్మెట్ పెట్టుకుని మోటారు సైకిలు తీసింది.

డోబీ కొట్టులో వానాకాలం పని ఎక్కువ. ఎక్కడా బట్టలు ఆరవు. ఫ్యాక్టరీ యూనిఫాంలు బస్తాల్లో వచ్చిపడ్డాయి. శాంతాదేవి కాలరు, భుజం, చేతులు, వీపు, అదే వరసలో ఇస్త్రీ చేస్తూ పోయింది. ఆవిరి ముఖానికి కొడుతోంది. కుడి మణికట్టు మీద పాత కాలిన మచ్చలు చెమటకు నిగనిగలాడాయి. కొట్టు యజమాని మహేంద్రన్ రెండుసార్లు ఆమెవైపు చూశాడు.

"ఏమక్కా, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు తమిళంలో.

"బాగానే ఉంది తంబీ. నువ్వు నీ పని చూసుకో."

కోపమేమిటో ఆమెకే సరిగ్గా తెలియడం లేదు. దొరికిపోయినందుకా? ఇన్నాళ్ళూ తాను ఆయన్ని కాపాడుతున్నాననుకుంటే, ఆయనే తన మనసు నొప్పించకుండా కాపాడుకొచ్చినందుకా? మొన్న తాను కల్పించి చెప్పినదాని గురించి ఆయన ఎన్ని అడిగాడు! మీసాలెలా ఉన్నాయి? కాళ్ళకు బొచ్చుందా? తాను తడబడి, "ఒక కాలికి ఉన్నాది, ఇంకో కాలికి నేదు" అంది. అప్పుడు ఆయన తల వంచుకుని టీ తాగాడు. భుజాలు కదిలాయి. దగ్గనుకుంది ఆమె.

శాంతాదేవికి ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, పవిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. మహేంద్రన్ ఏమీ అర్థంకాక తానూ నవ్వాడు.

భోజనం వేళ ఆమె ఫోను తీసి విమలన్‌కు గొంతు సందేశం పంపింది. "టీచరూ, ఈ రోజు మా గోడ మీద ఏమీ రాలేదు." తాను కల్పించి చెప్పిన రోజుల సంగతి టీచరుకు ఏం చెప్పాలో ఇంటికి వెళ్ళి బావనే అడగాలనుకుంది. నాకిష్టం కొద్దీ చెప్తాను, నీకిష్టం కొద్దీ విను అని చెప్పాలనుకుంది.

సాయంత్రం వాన జోరుగా పట్టుకుంది. రెయిన్‌కోటు వేసుకుని, సందు మొదట్లో వేడివేడి మసాలా వడలు పొట్లం కట్టించుకుని, దాన్ని కోటు లోపల దాచుకుని ఇల్లు చేరింది.

"బావా, వడలు తెచ్చినాను. ఒకటే, మరడక్కు" అంటూ చెప్పులు విప్పింది.

తాతబాబు వసారాలోనే ఉన్నాడు. గడ్డం గుండెకు ఆనుకుంది. పక్కనున్న స్టూలు మీద ఐస్‌క్రీం ఖాళీ డబ్బా బోర్లించి ఉంది, దాని మీద ఆయన అరచెయ్యి. నిద్రపోయాడనుకుని ఆమె దగ్గరికి వెళ్ళి ఆ చేతిని తాకింది. చల్లగా ఉంది.

పొట్లం కింద పెట్టి, ఆయన కాళ్ళ దగ్గర తడి గచ్చు మీద కూర్చుంది. మోకాలి మీద సారోంగు మడత సరిచేసింది. ఆయన భుజం మీద చెయ్యి వేసింది. చూరు నుంచి నీళ్ళు ధారకట్టి పడుతున్నాయి.

డబ్బాలో ఏదో గీరిన చప్పుడైంది.

ఆయన వేళ్ళు ఒక్కొక్కటే ఎత్తి పక్కకు పెట్టి, డబ్బా కొద్దిగా లేపింది. లావుపాటి దీపపు పురుగు. వక్కపొడి రంగు, వెన్ను మీద పసుపు గీత, ఒక రెక్క అంచున వేలు తగిలి రంగు రాలిపోయింది. వానకు లోపలికి వచ్చి ఆయన మీదే వాలి ఉంటుంది. కళ్ళు లేని మనిషి దాన్ని ఎలా పట్టుకున్నాడో, ఎంతసేపు తడుముకున్నాడో! ఆమె వచ్చాక చెప్పించుకోవాలనే దాచాడు. అది మాత్రం ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పురుగు రెక్కలు వణికించింది. స్టూలు అంచు దాకా నడిచింది. ఎగిరి, నిమ్మచెట్టు గుబురులోకి పోయింది.

అప్పుడు శాంతాదేవి లేచి గోడ అవతలి వాళ్ళను పిలిచింది.

ఇల్లంతా జనమైంది. క్లాంగ్ నుంచి కూతురు దీపిక, అల్లుడు వచ్చారు. మర్నాడు వాన తెరిపిచ్చిన వేళ తాతబాబును తీసుకువెళ్ళారు. విమలన్ వచ్చి తెల్లగోడ ముందు కాసేపు నిలబడి వెళ్ళాడు. వచ్చినవాళ్ళు కుర్చీలు సర్దారు, వసారా కడిగారు, గిన్నెలన్నీ తోమి బోర్లించారు.

అంతా వెళ్ళిపోయాక దీపిక వంటింట్లోంచి అడిగింది. "అమ్మా, ఈ డబ్బా? కడిగేస్తానా, పడేస్తానా?"

"రెండూ వద్దు" అంది శాంతాదేవి. "అక్కడే పెట్టు."

దీపిక దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి తల్లి దగ్గరికి వెళ్ళింది. తెల్లటి డబ్బా లోపల, అంచు వెంట, రెక్కలు కొట్టుకున్నంత మేర వక్కపొడి రంగు ధూళి సన్నగా అంటుకుని ఉంది.