గంటలు వినపడని గది

నది ఒడ్డున ఉన్న హోటలు కర్నల్ గారి భార్యకు నచ్చలేదు, దోమలుంటాయేమోనని అనుమానం. పెద్ద చర్చి ఎదురుగా ఉన్నదీ నచ్చలేదు. తెల్లవారకుండానే గంటలు మోగుతాయట. బలరాం కళ్లజోడు పైకి తోసుకుని, హోటళ్ల వివరాలున్న లావుపాటి పుస్తకంలో ఫ్లోరెన్సు పేజీలు మళ్లీ మొదటినుంచి తిప్పసాగాడు.

రంగూన్ నడిబొడ్డున చౌక్తడా పేటలోని ఆ ప్రయాణాల ఆఫీసులో అతను విదేశాలకు తంతి సందేశాలు కొట్టే టెలెక్స్ గుమాస్తా. యాభై ఎప్పుడో దాటాడు. బక్కపలచని మనిషి. ఏళ్ల తరబడి మీటలు కొట్టి వేళ్ల చివర్లు మొద్దుబారాయి. చంకలో చిరిగితే కుట్టుకున్న తెల్లచొక్కా, గళ్ల లుంగీ. బర్మా దేశం తలుపులు మూసుకు కూర్చున్న ఆ రోజుల్లో రంగూన్ నుంచి బయటికి పోగలిగినవాళ్లు యూనిఫాంలవాళ్లు, వాళ్ల ఆడవాళ్లు, పిల్లలు. దిగిన ఊళ్లో వాళ్లకో మంచి గది చూసిపెట్టడం బలరాం పని. కిటికీ ఎటు తెరుచుకుంటుందో కూడా అడిగి తెలుసుకునేవాడు. ఒకప్పుడైతే మంచి గది కుదిరిన రోజు తనకే కుదిరినంత సంబరం.

ఆ ఏడు, 1988లో, అలా లేదు. ఆగస్టులో ప్రజాస్వామ్యం కావాలంటూ కిటికీ కింది వీధంతా జనం. విద్యార్థులు, నర్సులు, రేవు కూలీలు. బలరాం కూడా ఆఫీసు మెట్లు దిగి, ఒక మూల నిలబడి, గొంతు చించుకుని అరిచాడు. అలా అరవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. సెప్టెంబరులో సైన్యం కాల్చింది. తర్వాత లారీలతో నీళ్లు తెచ్చి రోడ్డు కడిగారు. అక్టోబరులో అందరూ పనుల్లోకి రావాలన్నారు. వచ్చారు. కర్నల్ గారి భార్య కూడా వచ్చింది. ఈ గొడవలతో ఆమెకు నిద్ర కరువైందట. ఎక్కడైనా ఓ పాత ఊళ్లో కొన్నాళ్లు ప్రశాంతంగా గడిపి రావాలట.

"జనం గుంపులు కట్టని వీధి చూడండి," అంది, పేము కుర్చీలో వెనక్కి వాలుతూ.

బలరాం కళ్లు పేజీ మీద ఉన్నాయిగాని మనసు ట్వంటేలో ఉంది. అతని అక్క సూర్యావతి అక్కడే ఉంటుంది. ఆమె పక్కింటి జోగి, జీపు నడిపేవాడు, నిన్న సాయంత్రం వచ్చి చెప్పాడు.

"అప్పకి బాగునేదు మావా. అన్నం మానేసింది. కళ్లు తెరిస్తే 'తమ్ముడొచ్చేడేటి' అని అడుగుతంది. బేగి రా."

ట్వంటే ఎంత దూరమని! నది దాటి అవతల జీపెక్కితే పూట పట్టదు. కాని బలరాం దగ్గరున్నది విదేశీయుల కార్డు. తండ్రి శ్రీకాకుళం నుంచి వచ్చి, ఈ రేవులో బస్తాలు మోసి, ఆ బస్తాల కిందే పోయాడు. బలరాం పుట్టింది రేవు పక్క కూలీల లైన్లలో. ఇండియా మొహం చూసి ఎరగడు. అయినా విదేశీయుడే. ఊరి పొలిమేర దాటాలంటే అనుమతి కావాలి. పొద్దున్నే ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లి అడిగితే, "ఈ పరిస్థితుల్లో ఎవరికీ ఇవ్వడం లేదు, పో," అన్నారు.

తండ్రి పోయాక అతన్ని సాకింది సూర్యావతే. ఇరుగు పొరుగు ఇళ్లలో బట్టలుతికి తమ్ముణ్ణి ఇంగ్లీషు బడికి పంపింది. ఆ ఇంగ్లీషే అతన్ని ఈ కుర్చీలో కూర్చోబెట్టింది.

చివరికి ఒకటి దొరికింది. సన్నటి సందులో, ఒకప్పటి సన్యాసినుల మఠం. లోపలి వాకిట్లో నారింజ చెట్లు.

"రాతి గోడలమ్మా, బాగా మందం," అన్నాడు బర్మీస్‌లో. "ఏ చప్పుడూ లోపలికి రాదు."

ఆమె మొహం విప్పారింది. "చూడకుండానే ఎంత బాగా ఎంచాడు, ఈ కలా!" అంది పక్క బల్ల దగ్గరున్న ఆఫీసు మేనేజరుతో. ఇండియా పోలికలున్నవాళ్లను అక్కడ చులకనగా పిలిచే మాట అది. మేనేజరు నవ్వాడు.

బలరాం లేచి నిలబడ్డాడు. ఎవరినీ ఏమీ అడిగి ఎరగని మనిషి. "అమ్మా, తమరు ఒక్క ఫోను చేయిస్తే నాకు ట్వంటే వెళ్లడానికి అనుమతి దొరుకుతుంది."

"ట్వంటేకా?" ఆమెకు నిజంగానే ఆశ్చర్యం వేసింది. "అక్కడ చూడ్డానికి ఏముంది?"

"మా అక్క చావుబతుకుల్లో ఉంది."

ఆమె చేతిసంచీ మూసింది. "అయ్యో. కాని ఇలాంటివాటికి మా ఆయన్ను కదిలించలేను. రూల్సు అందరికీ ఒకటే కదా." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "మంచం మెత్తగా ఉండాలని మరిచిపోకుండా పంపండి."

పంపాడు. మెత్తటి మంచం, గంటలు వినపడని గది, అన్నీ కొట్టాడు. వేళ్లు ఒక్కో మీట మీద బలంగా దిగాయి. ఈ ఊళ్లో తుపాకులు పేల్చినవాళ్లకు, భూమికి అవతల కొసన గంటల చప్పుడు తగలకూడదు! పని ముగించి గొడుగు అందుకున్నాడు.

"ఎక్కడికి?" అన్నాడు మేనేజరు.

"ట్వంటేకి."

"పిచ్చా? పట్టుకుంటే ఇన్సేన్ జైల్లో పడేస్తారు."

"పడీమను," అన్నాడు బలరాం, ఈసారి మేనేజరుకు అర్థంకాని తెలుగులో. "ఆళ్లకి దేశదేశాల్లో గదులు సూసీనాను. నాకు ఇన్సేన్లో గది ఆళ్లనే సూడమను."

రేవులో సిపాయి కార్డు తీసుకుని తిప్పి చూశాడు. మీసాలు ఇంకా సరిగా రాలేదు. "అనుమతేది?"

"లేదు. ఈ రేవులో మా నాన్న చచ్చిపోయాడు. అవతల మా అక్క చచ్చిపోతోంది. ఈ రెండు ఒడ్డుల మధ్య నేను విదేశీయుణ్ణా? చెప్పు!"

అరుపుకు పడవ కోసం నిలబడ్డ లైనంతా ఇటు తిరిగింది. వెనక చేపల బుట్ట నెత్తిన పెట్టుకున్న బర్మా ఆమె ముందుకు తోసుకొచ్చింది. "పోనివ్వవయ్యా! నీకు అక్కలు లేరా?" ఇంకొకరు అందుకున్నారు. సిపాయి చుట్టూ చూసి, కార్డు అతని చేతిలో పెట్టి, నదివైపు తిరిగి నిలబడ్డాడు.

ట్వంటేలో, ఇంట్లో సూర్యావతి చాప మీద చిన్నపిల్లంత అయిపోయి ఉంది. జోగి భార్య ఆమె తల ఎత్తి పట్టుకుంది.

"ఒచ్చీసేవేటిరా? కాయితం ఇచ్చేరేటి?"

"ఇచ్చేరప్పా."

"అడగ్గానే ఇచ్చేరా?"

"ఊఁ."

"మంచోళ్లే," అంది ఆమె, తృప్తిగా.

పొద్దుటినుంచి పడ్డ మాటలన్నిటికన్నా ఆ ఒక్క మాట బలరాంను ఎక్కువ కోసింది. కాదని చెప్పబోయి, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. బట్టల సబ్బుకు పగిలిన అరచెయ్యి ఇన్నేళ్లయినా నున్నబడలేదు. పొద్దు వాలేవేళకు ఆ చేతిలో పట్టు సడలింది. అతను వెంటనే గమనించలేదు.

"మావా," అన్నాడు జోగి కాసేపటికి, మెల్లగా. "ఆకరి పడవ ఎల్లిపోద్ది. రేప్పొద్దున్న నువ్వు ఆపీసులో నేకపోతే..."

"నానెల్నురా," అన్నాడు బలరాం. "అప్పని సాగనంపాలి. ఆ తరవాత ఆళ్లొచ్చి తీసుకుపోమను."

జోగి కట్టెల కోసం వెళ్లాడు. బలరాం గుమ్మంలోకి వచ్చి కూర్చున్నాడు. కంచె అవతల, దారిన పోయేవాళ్ల కోసం సూర్యావతి పెట్టిన మంచినీళ్ల కుండ చెక్క గూట్లో ఉంది. పొలంనుంచి వస్తున్న ఒకతను ఆగి, కడుపునిండా తాగి, రేకు గ్లాసు మూత మీద బోర్లించి వెళ్లిపోయాడు. కుండ పొట్ట మీద నీటి చెమ్మ మెల్లగా కిందికి జారుతూ ఉంది.